ఊపిరితిత్తులలోని ప్రతి మచ్చా క్యాన్సరు వ్యాప్తి కాదు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవవేళ వ్యాధుల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. పాఠశాల గడచి వచ్చిన డెబ్బయి అయిదేళ్ళను గురించి, సాధించిన కీర్తిని గురించి ఇతర వక్తలు చక్కగా వివరించారు. అయితే తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ, పూర్వ విద్యార్థులూ ఇంతమంది ఒకచోట చేరే సందర్భం తరచుగా రాదు. అందరూ వినవలసిన మాట ఒకటి ఉన్నది కనుక దానికి ఇంతకంటే తగిన వేళ దొరకదు.

క్యాన్సరుకు చికిత్స పొందుతున్న బాలబాలికలలోనూ, యువకులలోనూ మందులు ఎక్కించడానికి శరీరంలో ఒక గొట్టాన్ని అమరుస్తారు. ఒక్కొక్కప్పుడు ఆ గొట్టం ద్వారా ప్రవేశించిన సూక్ష్మక్రిములు ఊపిరితిత్తులలో మచ్చలను కలుగజేస్తాయి. ఆ మచ్చలను చూసి క్యాన్సరు పాకిందని పొరబడే ప్రమాదం ఉన్నది. ఇట్టి ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. పొరబాటు వైద్యునిదైతే దానిని దిద్దుకునే మార్గాలు ఆసుపత్రిలోనే ఉంటాయి. తల్లిదండ్రులే ముందుగా పొరబడి, ఇక ఆశ లేదని బిడ్డను ఇంటికి తీసుకుపోతే, దిద్దేవారు ఎవరూ ఉండరు.

భివండీలో సాంచాల మీద బ్రతికే తెలుగు కుటుంబాలకు పిల్లల క్యాన్సరు అనగానే మనసుకు వచ్చేది ముంబయి పరేల్‌లోని టాటా స్మారక ఆసుపత్రి. 1941లో ప్రారంభమై, 1962 నుండి కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ ఆధీనంలో నడుస్తున్న ఆ సంస్థకు దేశం నలుమూలల నుండి రోగులు వస్తారు. ఒకప్పుడు ఆ పరేల్ పరిసరాలలోని బట్టల మిల్లులలోనే మన పెద్దలు అనేకులు పనిచేశారు. నేడు వారి మనుమలు గైబీ నగర్ నుండి బస్సెక్కి ఠాణాకో, కళ్యాణ్‌కో చేరి, అక్కడ లోకల్ బండి పట్టుకొని అదే పరేల్‌కు వైద్యానికి వెళుతున్నారు. నేసిన మీటర్ల లెక్కన కూలి వచ్చే ఇంట్లో ఒక రోజు ప్రయాణమంటే ఒక రోజు కూలి పోవడమే. నెలల తరబడి సాగే చికిత్సలో ఎన్ని రోజుల కూలి పోతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. రేషను కార్డు స్వగ్రామంలోనే ఉండిపోయిన వారికి మహారాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తించడంలో వచ్చే చిక్కులు దీనికి తోడు.

ఇక భాష సంగతి. వైద్యులు హిందీలోనో, మరాఠీలోనో మాట్లాడతారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో మాట తెలుగు. ఈ మూడు మెట్లు దిగి వచ్చేసరికి రెండు పుటల రిపోర్టులో మిగిలేది ఒకే ఒక్క మాట: ‘పాకింది’. ఊపిరితిత్తులలో కొత్త మచ్చలు కనిపిస్తున్నాయి, అవి వ్యాప్తి కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు, రోగి లక్షణాలతో పోల్చి చూడవలసినది అని రిపోర్టులో ఉన్నప్పటికీ, ఆ ‘కావచ్చు’ దారిలో జారిపోతుంది. మన భాషలో ‘పాకడం’ అన్న మాట పుండుకూ చెల్లుతుంది, తీగకూ చెల్లుతుంది, జబ్బుకూ చెల్లుతుంది. పూర్వం పెద్దలు రాచపుండు అన్న మాటను క్యాన్సరుకూ వాడేవారు, లోతుగా చీముపట్టి మానని పెద్ద కురుపుకూ వాడేవారు. ఆనాడు రెండింటికీ మందు లేదు కనుక ఒకే పేరు సరిపోయింది. నేడు రెండింటికీ వేరు వేరు మందులున్నాయి.

ఆ మందుల కథలో తెలుగువారు గర్వింపదగిన ఒక పేరు ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలోనూ మద్రాసులోనూ చదివి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనాధిపతిగా ఉన్న కాలంలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టించవచ్చునని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు అనదగిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్తక్యాన్సరులోనూ, ఎముక క్యాన్సరులోనూ వాడుకలో ఉన్నది. అదే 1948లో, అదే లెడర్లీ ప్రయోగశాల నుండి, ఆయన పర్యవేక్షణలోనే, ఆరియోమైసిన్ అనే సూక్ష్మక్రిమి నాశకం లోకానికి వచ్చింది. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. క్యాన్సరుకు ఒక మందు, క్రిములకు ఒక మందు, రెండూ ఒకే తెలుగువాని చేతి చలువతో వెలువడ్డాయి. ఏ బిడ్డకు ఏది కావాలో సరిగా తేల్చుకోవడం తరువాతి తరాల బాధ్యత అయింది.

గొట్టం విషయానికి వద్దాం. క్యాన్సరు మందులు కొన్ని మిక్కిలి తీక్ష్ణమైనవి. చేతి మీది సన్నని నరాలలోకి పదే పదే ఎక్కిస్తే అవి మూసుకుపోతాయి. మందు బయటకు చిందితే కండ చెడిపోతుంది. అందుచేత మెడ వద్దనో, చేతి పైభాగాననో ఉన్న సిర ద్వారా ఒక సన్నని మెత్తని గొట్టాన్ని గుండె దగ్గరి పెద్ద సిర వరకు పంపి, చికిత్స ముగిసేవరకు అక్కడే ఉంచుతారు. దీనినే కాథెటరు అంటారు. రోగులు వాడుకగా లైను అంటారు. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ పట్టణంలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు పెద్దల అనుమతి లేకుండా తన మోచేతి సిరలోంచి గుండెదాకా గొట్టాన్ని తోసుకొని, నడచివెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. తొలుత ఆయనకు లభించింది చీవాట్లు, 1956లో లభించింది నోబెల్ బహుమానం. 1973లో బ్రోవియాక్, 1979లో హిక్‌మన్ అనే వైద్యులు దీర్ఘకాలం ఉంచదగిన గొట్టాలను ప్రకటించారు. ఆ తరువాత 1982లో చర్మం క్రింద అమర్చే పోర్టు వచ్చింది. నేడు చొక్కా గుండీ విప్పితే, భుజపుటెముక క్రింద రూపాయి బిళ్ళంత ఉబ్బుతో కనిపించేది అదే.

ఈ గొట్టం లేనిదే చికిత్స సాగదు. అయితే అది బయటి లోకానికీ, గుండెకూ నడుమ వేసిన వంతెన కూడా. సబ్బుతో కడగని చేయి, తడిసిన కట్టు, సరిగా తుడవని మూత, వీటిలో ఏదైనా చాలు, చర్మం మీద నిరపాయంగా బ్రతికే క్రిమి గొట్టం లోపలి గోడకు చేరుతుంది. అక్కడ జిగురు వంటి పొరను అల్లుకొని దాగి ఉంటుంది. గొట్టం కొనన రక్తం గడ్డకడితే ఆ గడ్డలోనూ క్రిములు కాపురం పెడతాయి. మందో, నీరో వేగంగా ఎక్కించినప్పుడు ఆ గడ్డ తునకలు విడివడి రక్తంలో కొట్టుకుపోతాయి.

అవి ఎక్కడికి పోతాయి? ఇక్కడే అసలు మెలిక ఉన్నది. సిరలలోని రక్తం గుండె కుడిభాగానికి చేరి, అక్కడినుండి నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. శరీరమంతటి రక్తానికి ఊపిరితిత్తులే మొదటి జల్లెడ. క్రిములు పట్టిన తునకలు అక్కడి సన్నని నాళాలలో చిక్కుకొని చిన్న చిన్న చీముగడ్డలుగా మారతాయి. ఎముక క్యాన్సరు కణాలు మూలస్థానం విడిచి బయలుదేరినప్పుడు పోయేదీ ఆ దారినే, చిక్కుకునేదీ ఆ జల్లెడలోనే. ఇద్దరు బాటసారులు ఒకే సత్రంలో దిగినట్లు, రెండు జబ్బులూ స్కాన్‌లో ఒకే చోట, ఒకే విధమైన గుండ్రని మచ్చలుగా కనిపిస్తాయి.

యౌవనంలో అడుగుపెట్టే వయసున మోకాలి దగ్గర వచ్చే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సరును ఉదాహరణగా తీసుకోవచ్చు. తొమ్మిదో తరగతి చదివే బాలుడొకనికి ఆ జబ్బు వచ్చిందనుకుందాం. మొదటి స్కాన్‌లో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పోర్టు అమర్చి మందులు మొదలుపెట్టారు. మూడు నెలలకు మళ్ళీ స్కాన్ తీస్తే రెండు ఊపిరితిత్తులలోనూ అయిదారు మచ్చలు కనిపించాయి. జబ్బు ముదిరిందనే ఎవరికైనా తోస్తుంది. కాని ఆ బాలునికి పదిహేను రోజులుగా, పోర్టులో మందు ఎక్కించినప్పుడల్లా ఒక గంటలో చలి పుట్టి వణుకు వస్తున్నది. తల్లి దుప్పటి కప్పి ఒక జ్వరం మాత్ర వేస్తున్నది, మరునాటికి తగ్గిపోతున్నది. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, ఇంటివారూ చెప్పలేదు. నిజానికి స్కాన్ యంత్రం చెప్పలేని మాట ఆ వణుకులో ఉన్నది.

వ్యాప్తి చెందని ఆస్టియోసార్కోమా మంచి వైద్యకేంద్రాలలో పూర్తి చికిత్స పొందితే నూటికి 60 నుండి 70 మంది అయిదేళ్ళు దాటి జీవిస్తారు. వ్యాపించిన తరువాత ఆ సంఖ్య నూటికి 20, 30 వరకు పడిపోతుంది. కనుక ఆ మచ్చలకు ఏ పేరు పెడతారన్నది చిన్న విషయం కాదు. క్రిములను క్యాన్సరు అని తలచి మరింత తీక్ష్ణమైన మందులు ఇస్తే, తెల్లకణాలు ఇంకా తగ్గి, ఆ క్రిములే ప్రాణం తీయవచ్చు. ఇక లాభం లేదని చికిత్స మానివేస్తే, నయం కాదగిన బిడ్డ నయం కాని చీముతోనూ, నయం కాగలిగిన క్యాన్సరుతోనూ ఇంట్లో మిగిలిపోతాడు. దీనికి విరుద్ధమైన పొరబాటు కూడా ఉన్నదని మరువరాదు. నిజంగా పాకిన క్యాన్సరును ఇన్‌ఫెక్షన్ అని సరిపెట్టుకొని వారాలు గడపడం అంతే ప్రమాదం. ఆశ చెప్పే మాటనే నమ్మడం, భయం చెప్పే మాటనే నమ్మడం రెండూ తగవు. పరీక్ష చెప్పే మాట కావలెను.

ఆ పరీక్షలు ఉన్నాయి. మొదటిది రక్తపు కల్చర్. ఒకే సమయంలో గొట్టం నుండి కొంత, చేతి నరం నుండి కొంత రక్తం తీసి రెండు సీసాలలో వేరువేరుగా పెంచుతారు. గొట్టం నుండి తీసిన రక్తంలో క్రిములు రెండు గంటలు గాని, అంతకంటే ఎక్కువ గాని ముందుగా బయటపడితే, దోషం గొట్టంలో ఉన్నదని వైద్యులు నిర్ణయిస్తారు. క్రిమి నాశకాలు ప్రారంభించక ముందే ఈ రక్తం తీయడం మేలు. ఎక్కడో దారిలో నాలుగు మాత్రలు మింగి వెళితే క్రిమి సీసాలో పెరగదు, జవాబు దొరకదు. భివండీలో జ్వరం వచ్చిన వెంటనే మందుల దుకాణంలో మాత్రలు కొనే అలవాటు బలంగా ఉన్నది. ఇతర విషయాలలో ఎట్లున్నా, లైను ఉన్న బిడ్డ విషయంలో ఆ అలవాటు చేసే కీడు ఇంతింత కాదు.

గుండెకు చేసే ఎకో పరీక్షలో గొట్టం కొనన గడ్డ ఉన్నదో లేదో కనిపించవచ్చు. స్కాన్‌లోనూ కొన్ని గుర్తులుంటాయి. చీము మచ్చలు ఊపిరితిత్తుల అంచుల వద్ద ఎక్కువగా ఉంటాయి, నడుమ బోలుగా మారుతుంటాయి, రోజుల వ్యవధిలోనే పెరుగుతాయి, తరుగుతాయి. అయితే క్యాన్సరు మచ్చలు కూడా అరుదుగా బోలుగా మారడం కద్దు, కనుక ఆకారం ఒక్కటే సాక్ష్యం కాజాలదు. చాలా ఖర్చుతో తీసే పెట్ స్కాన్‌లో మచ్చ వెలిగితే అది క్యాన్సరే అని నమ్మేవారున్నారు. ఆ యంత్రం చూపేది చక్కెరను అధికంగా వాడుకునే కణాలను. చీముతో పోరాడే కణాలు కూడా చక్కెరను అట్లే వాడుకుంటాయి, అవీ వెలుగుతాయి. ఇంకా సందేహం మిగిలితే మచ్చలోంచి ముక్క తీసి పరీక్షించే బయాప్సీ ఉన్నది. లేదా గొట్టం తీసివేసి, తగిన మందులు కొన్ని వారాలు ఇచ్చి, మళ్ళీ స్కాన్ తీసి పోల్చి చూస్తారు. క్రిముల మచ్చలైతే కరిగిపోతాయి.

ఈ క్రిములలో స్టెఫిలోకాకస్ వంటివి గట్టి జ్వరంతో ఆర్భాటంగా వస్తాయి. కాండిడా అనే బూజు జాతి, నీటిలోనూ మట్టిలోనూ ఉండే క్షయ బంధువులైన కొన్ని మైకోబాక్టీరియాలు చప్పుడు లేకుండా వస్తాయి. తెల్లకణాలు బాగా తగ్గిన బిడ్డకు గొట్టం వద్ద ఎర్రదనం గాని, చీము గాని కనిపించకపోవచ్చు. పైకి శుభ్రంగా ఉన్నది కనుక లోపల కూడా శుభ్రంగా ఉన్నదనుకోరాదు. భివండీ వంటి మరమగ్గాల పట్టణంలో, ఇరుకు గదులలో, క్షయ కూడా మూడవ అనుమానితుడు. ఊపిరితిత్తులలో అదీ మచ్చలు కలుగజేస్తుంది, అదీ పెట్ స్కాన్‌లో వెలుగుతుంది. దానికి ప్రభుత్వం మందులు ఉచితంగానే ఇస్తున్నది. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే ఆ సంగతి సిగ్గుపడి దాచకుండా క్యాన్సరు వైద్యునికి చెప్పవలె.

ఇక తల్లిదండ్రులు చేయవలసినది. వారు వైద్యం నేర్వనక్కరలేదు. ‘పాకింది’ అన్న మాట చెవిన పడినప్పుడు మూడు ప్రశ్నలు అడిగితే చాలును. ఇది ఇన్‌ఫెక్షన్ కాదని ఎట్లు తెలిసింది? గొట్టం నుండీ, చేతి నుండీ రక్తం కల్చర్‌కు పంపారా? ముక్క పరీక్ష అవసరమా? ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడెవడూ కోపగించుకోడు. కోపగించుకుంటారేమోనన్న జంకు ఉన్నవారు ఈ పాఠశాల పూర్వ విద్యార్థులలో ఇంగ్లీషు చదవగలిగిన ఒకరిని వెంట తీసుకుపోవచ్చు. నలుగురైదుగురు పూర్వ విద్యార్థులు నెలకొక రోజు ఇందుకు కేటాయించినా, ఈ ఉత్సవాలలో వేసిన పూలదండలకంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంకొక మాట. పరీక్షలన్నీ ముగిసి నిజంగానే పాకిందని తేలినా, అది చివరి తీర్పు కాదు. ఆస్టియోసార్కోమాలో ఊపిరితిత్తుల మచ్చలను శస్త్రచికిత్సతో తొలగించి కొందరిని బ్రతికించగలుగుతున్నారు. ‘పాకింది’ అనగానే సామాను సర్దుకొని స్వగ్రామానికి రైలెక్కడం ఏ విధంగానూ సరికాదు.

పాత స్కాన్ ఫిల్ములను, సీడీలను పారవేయరాదు. కొత్త మచ్చ నిజంగా కొత్తదా, పాతదా అని తేల్చేది అవే. జ్వరం వచ్చిన తేదీ, ఎంత జ్వరం, అంతకు ముందు లైనులో ఏమి ఎక్కించారు అన్నవి ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచవలె. తల్లికి చదువు రాకుంటే ఆ ఇంటి పిల్లలలో ఎవరైనా వ్రాయగలరు, ఈ పాఠశాల నేర్పినది ఆ మాత్రం అక్కరకు రావలె. లైను ఉన్న బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే ఉదయం వరకు వేచి ఉండరాదు. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు ఆసుపత్రి చేరిన గంటలోపల క్రిమి నాశకం పడవలెనని వైద్యుల నియమం. అర్ధరాత్రి పరేల్ చేరలేని పక్షంలో, దగ్గరి ఆసుపత్రిలో రక్తం తీయించి మందు మొదలుపెట్టించి, తమ ఆసుపత్రికి ఫోను చేయడం మేలు.

క్రిమిని అసలు రానీయకుండా చేయడం అన్నింటికంటే సులభం. 2006లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ పీటర్ ప్రొనోవొస్ట్ బృందం నూరు పైచిలుకు తీవ్ర చికిత్సా విభాగాలలో జరిపిన ప్రయత్నం ఫలితాలను ప్రకటించింది. చేతులు కడుగుకోవడం, గొట్టం అమర్చేటప్పుడు శుభ్రమైన వస్త్రాలతో పూర్తిగా కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, తొడ వద్ద గొట్టం వేయకుండా చూడడం, అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసివేయడం, ఇంతే వారి కార్యక్రమం. గొట్టపు ఇన్‌ఫెక్షన్లు నూటికి 66 వంతుల వరకు తగ్గాయి. కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఇంటి వద్ద చేయగలిగినదీ ఇట్టిదే. లైనును తాకే ముందు సబ్బుతో చేతులు కడగడం, కట్టు తడవకుండా స్నానం చేయించడం, తడిసినా ఊడినా నర్సుకు చూపడం, ఆసుపత్రివారు చెప్పిన తేదీకి లైను కడిగించడం. సాంచాల గదిలోనే వంట, పడక సాగే ఇళ్ళలో దూది నూగు పడని ఒక మూల బిడ్డకు కేటాయిస్తే మంచిది.

ఉపాధ్యాయులకు కొన్ని మాటలు. చికిత్స నడుమ బిడ్డ బడికి రావచ్చునని వైద్యులు చెప్పినప్పుడు రానీయవలె. క్యాన్సరు అంటువ్యాధి కాదు, ప్రక్క బల్ల ఖాళీ చేయించనవసరం లేదు. ఆ బిడ్డ చొక్కా క్రింది ఉబ్బును తోటివారు తాకి చూడడం, ఆటలో దానికి బంతి తగలడం జరగకుండా చూడాలి. తరగతిలో చలితో వణికితే ఇంటికి పంపి ఊరుకోక, తండ్రికో తల్లికో ఆ గంటలోనే కబురు చేయాలి, లైను ఎప్పుడు కడిగారో అడగాలి. తరగతిలో వేరొక పిల్లకు ఆటలమ్మ పోసినా, తట్టు పోసినా ఆ సంగతి అదే రోజు ఆ తల్లిదండ్రులకు చేరాలి, ఆసుపత్రివారు ఇచ్చే రక్షణ మందు ఆలస్యమైతే పనిచేయదు. అమ్మవారు పోసిందని బయట చెప్పరాదన్న ఆచారం ఉన్న ఇళ్ళకు ఉపాధ్యాయులు స్వయంగా వెళ్ళి, పేరు బయటపెట్టబోమని మాట ఇచ్చి, వారానికొకసారి విచారించి రావడం అవసరం.